లక్షన్నరలో పాత హోండా సిటీకి టర్బో: ముందు కొనాల్సింది టర్బో కాదు

పాలకొల్లు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. నాన్నగారు వాడిన 2002 మోడల్ హోండా సిటీ 1.5 వీటెక్ ఇప్పుడు తన చేతికొచ్చింది. ఖర్చు పెట్టడానికి లక్షన్నర ఉంది. పాత ఇనుము కొట్టులో ఏదో డీజిల్ వ్యాన్ నుంచి తీసిన టర్బో (ఇంజిన్ పొగ తోపుతో తిరుగుతూ లోపలికి గాలిని నొక్కి పంపే ఫ్యాన్) చవగ్గా దొరికింది. "మానిఫోల్డ్ (ఇంజిన్ పొగను టర్బోకి చేర్చే పైపుల గుత్తి) వెల్డింగ్ చేయించి బిగించేస్తే 200 హార్స్‌పవర్ వస్తుందని ఫ్రెండ్ అంటున్నాడు. ఇంజిన్ దింపకుండా పనైపోతుందా అన్నయ్యా?" అని అడిగాడు.

తమ్ముడూ, ఆ టర్బోకి ఇంకా డబ్బు ఇవ్వకపోతే ఇవ్వకు. అడ్వాన్సు ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకో. టర్బో పెట్టొద్దని నేను అనడం లేదు. రావులపాలెం దగ్గర షెడ్డు పెట్టి 22 ఏళ్లయింది. పెట్రోలు కార్లకు టర్బోలు బిగించాను, వేరేచోట బిగించి పాడైన బళ్లు విప్పాను. బిగించినవాటికంటే విప్పినవే ఎక్కువ. వాటిలో ఒక్కటి కూడా టర్బో చవకది కావడం వల్ల పోలేదు. పెట్రోలు చాలక పోయాయి, స్పార్కు టైమింగ్ (ప్లగ్గు నిప్పు వేసే క్షణం) వెనక్కి జరపక పోయాయి, వేడికి తట్టుకోలేక పోయాయి. అందుకే నా మాట ఒకటే: టర్బో ఆఖరున కొను.

2011లో నేనే చేసిన తప్పు చెబుతాను. ఒక కస్టమర్ 1.6 పెట్రోలు కారుకు 8 పీఎస్‌ఐ బూస్ట్‌తో టర్బో పెట్టాను. బూస్ట్ అంటే టర్బో అదనంగా కలిపే గాలి ఒత్తిడి, పీఎస్‌ఐ దాని కొలత. ఇంజెక్టర్లు (పెట్రోలు చిమ్మే నాజిళ్లు) మార్చలేదు, ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ మాత్రం మార్చి ప్రెషర్ పెంచాను. గాలి, పెట్రోలు మిక్స్చర్ కొలిచే గేజి పెట్టలేదు. డిసెంబరు పొద్దుటి చలిలో బండి బ్రహ్మాండంగా లాగింది. కస్టమర్ సంతోషంగా తీసుకెళ్లాడు. మళ్లీ మే నెల, మిట్టమధ్యాహ్నం, రాజమండ్రి వైపు హైవే మీద నాలుగో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాడు. రేకు డబ్బాలో గోళీలు ఆడించినట్టు రెండు సెకన్లు చప్పుడొచ్చిందట. అదే నాకింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోలు తనంతట తాను పేలడం. ఆ తర్వాత సైలెన్సర్‌లోంచి నీలం పొగ.

మూడో సిలిండర్ ప్లగ్గు విప్పి ఎండలో తిప్పి చూశాను. తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు, వాటి మధ్య సన్నగా మెరిసే రేణువులు. ఆ మెరుపు అల్యూమినియం. అంటే పిస్టన్ కొద్దికొద్దిగా కరిగి ప్లగ్గుకు అంటుకుంది. హెడ్ విప్పితే పిస్టన్ పై రింగుకూ రెండో రింగుకూ మధ్య ఉండే గట్టు నెలవంక ఆకారంలో విరిగిపోయి ఉంది. టర్బో మాత్రం వేలితో తిప్పితే నిక్షేపంగా తిరుగుతోంది. ఆ ఇంజిన్ పని నా సొంత ఖర్చుతో చేసిచ్చాను. ఇప్పటికీ ఆ పిస్టన్ నా బల్ల మీదే ఉంటుంది, టర్బో కావాలని వచ్చిన కుర్రాళ్లకు ముందు అదే చేతికిస్తాను.

ఇప్పుడు నీ బండి లెక్కకు వద్దాం. కంపెనీ చెప్పిన పవర్ 106 హార్స్‌పవర్. సముద్ర మట్టం దగ్గర గాలి ఒత్తిడి 14.7 పీఎస్‌ఐ. నీ ఇంజిన్ ఇప్పటిదాకా ఆ ఒత్తిడితోనే గాలి పీల్చుకుంటోంది. టర్బో దాని మీద ఇంకో 7 పీఎస్‌ఐ కలిపితే మొత్తం 21.7, అంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. లెక్క ప్రకారం గాలి సగం పెరిగినా, ఆ గాలి వేడెక్కి పలచబడుతుంది, సైలెన్సర్ వైపు ఒత్తిడి పెరుగుతుంది, టైమింగ్ తగ్గించాలి. ఇవన్నీ పోగా 35 శాతం దాకా మిగులుతుంది. అంటే 140 నుంచి 145. ఇంత తేలిక బండికి అది చాలా ఎక్కువ. 200 అనే మాట మర్చిపో. నీ బండిలో ఉన్నలాంటి హోండా డీ సిరీస్ ఇంజిన్లలో కనెక్టింగ్ రాడ్డులు (పిస్టన్‌ను క్రాంకుకు కలిపేవి) సన్నం. వాటిని వంచేది పై ఆర్‌పీఎమ్‌లో వచ్చే పవర్ కంటే, మధ్యలో ఒక్కసారిగా తన్నుకొచ్చే టార్క్ (తిప్పే బలం). 200 కావాలంటే రాడ్డులు, పిస్టన్లు మార్చాలి, అది లక్షన్నరలో అయ్యే పని కాదు.

ముందు ఈ ఇంజిన్ బూస్ట్‌కు పనికొస్తుందా అన్నది తేల్చుకో. 20 ఏళ్లు దాటిన బండి. కంప్రెషన్ టెస్టు (ఒక్కో సిలిండర్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతోందో గేజితో చూడటం) చేయించు. ఇంజిన్ వేడి మీద ఉండగా నాలుగు ప్లగ్గులూ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టాలి. నాలుగు సిలిండర్ల రీడింగులూ ఒకదానికొకటి 10 శాతం లోపు తేడాతో ఉండాలి. ఒకటి తక్కువ వస్తే ఆ సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడు. రీడింగు పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులు సరిగ్గా కూర్చోవడం లేదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసినప్పుడు ఆగకుండా బుడగలు వస్తుంటే హెడ్ ప్యాకింగ్ లీకు. వీటిలో ఏది కనిపించినా నీ లక్షన్నర ముందు ఇంజిన్ పనికే పోతుంది. ఆ పని చేయించుకుని ఇంకో ఏడాది దాచుకో. ఆ నిర్ణయానికి బాధ పడకు, మంచి ఇంజిన్ ఉన్న సిటీ ఇవాళ దొరకడమే కష్టం.

ఇంజిన్ బాగుంటే మొదటి ఖర్చు పెట్రోలు వైపు పెట్టాలి. గాలి పెరిగితే అదే లెక్కన పెట్రోలూ పెరగాలి. బూస్ట్‌లో ఉన్న ఇంజిన్ ఒక్కో హార్స్‌పవర్‌కు నిమిషానికి సుమారు 6.3 సీసీ పెట్రోలు తాగుతుంది. 145కి 913 సీసీ. నాలుగు ఇంజెక్టర్లకు పంచితే తలా 228. ఇంజెక్టర్‌ను 80 శాతానికి మించి తెరిచి ఉంచకూడదు కాబట్టి 285 సీసీ సైజుది కావాలి. ఆ తరం హోండా చిన్న ఇంజిన్లలో వచ్చే ఇంజెక్టర్లు 190 నుంచి 240 మధ్య ఉంటాయి. నా 2011 బండి ఎందుకు పోయిందో ఇక్కడే అర్థమవుతుంది.

దాని మీద ఇంకో లెక్క ఉంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు. మామూలు పెట్రోలు ఒక వంతుకు గాలి 14.7 వంతులు కావాలి. ఈ20కి 13.5 దగ్గర సరిపోతుంది, అంటే అదే గాలికి పెట్రోలు ఇంకో 8, 9 శాతం ఎక్కువ పోయాలి. అప్పుడు 285 కాస్తా 310 అవుతుంది. కాబట్టి 330 నుంచి 360 సీసీ ఇంజెక్టర్లు చూడు. ఈ20లో మనకు మంచి కూడా ఉంది. ప్రభుత్వం చెబుతున్న ప్రకారం దీని ఆక్టేన్ (నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) 95, పాత మామూలు పెట్రోలు 91. నాకింగ్ తగ్గడానికి అది ఉపయోగపడుతుంది. కానీ 2002లో నీ బండికి వేసిన రబ్బరు గొట్టాలు ఇథనాల్ కోసం చేసినవి కావు. ట్యాంకు నుంచి ఇంజెక్టర్ల దాకా ఉన్న ప్రతి రబ్బరు ముక్కా మార్చాలి. దీంట్లో పొదుపు చేయకు. ఎర్రగా కాలే మానిఫోల్డ్ పక్కన పెట్రోలు గొట్టం చిట్లితే బండి తగలబడుతుంది. డ్రైవరు సీటు కింద చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కూడా పెట్టుకో. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మన కోనసీమ, నరసాపురం గాలి ఎలా ఉంటుందో తెలుసుగా. బండి నెలల తరబడి నిలబెడితే ట్యాంకులో పాత పెట్రోలు ఉంచకు. యానాంలో పోయిస్తే ఏమైనా తేడా ఉంటుందా అని కూడా కొందరు అడుగుతుంటారు. అక్కడ పన్ను తక్కువ కాబట్టి ధర తక్కువ, అంతే.

ఇంజెక్టర్లు పెద్దవి పెట్టగానే కంపెనీ ఈసీయూకి (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కి) లెక్క తప్పుతుంది. దాన్ని మోసం చేసే చిన్న చిన్న డబ్బాలు అమ్ముతారు, వాటి జోలికి వెళ్లకు. తక్కువ డబ్బులో సరైన దారి పూర్తిగా ప్రోగ్రామ్ చేసుకోగలిగే ఈసీయూ. స్పీడ్యువినో అనేది ఓపెన్ సోర్స్, ఆర్డువినో బోర్డు మీద నడుస్తుంది. మెగాస్క్విర్ట్ అంతకంటే పాతది, అనుభవం ఉన్నవాళ్లు ఎక్కువ. ఎలక్ట్రానిక్స్ తెలిసిన ఫ్రెండ్ ఉంటే స్పీడ్యువినో నీ బడ్జెట్‌కు సరిపోతుంది. దానితో పాటు వైడ్‌బ్యాండ్ గేజి (మిక్స్చర్ కొలిచేది) తప్పనిసరి. గేజిలో ఏఎఫ్ఆర్ (గాలి, పెట్రోలు నిష్పత్తి) అంకె చూడకు, ల్యాంబ్డా అని సెట్ చేసుకో. పెట్రోలు ఏదైనా ల్యాంబ్డా 1 అంటే గాలికి సరిగ్గా సరిపడా పెట్రోలు, అంకె తగ్గితే పెట్రోలు ఎక్కువ, కాబట్టి ఈ20తో తికమక ఉండదు. ఫుల్ బూస్ట్‌లో ల్యాంబ్డా 0.78 నుంచి 0.82 మధ్య ఉండాలి. 0.9 చూపిస్తే వెంటనే కాలు తియ్యి. స్పార్కు టైమింగ్ మొదట్లో ఒక్కో పీఎస్‌ఐకి ఒక డిగ్రీ చొప్పున వెనక్కి పెట్టి మొదలుపెడతారు, అసలు అంకె ట్యూనింగ్‌లో (ఈసీయూ అంకెలు దిద్దేటప్పుడు) తేలుతుంది. ప్లగ్గులు ఒక మెట్టు చల్లవి వేసి, గ్యాప్ 0.7 మిల్లీమీటర్ల దగ్గర పెట్టు. గ్యాప్ ఎక్కువైతే బూస్ట్‌లో స్పార్కు ఆరిపోయి బండి దగ్గుతుంది.

ఇప్పుడు టర్బో. ఆ డీజిల్ వ్యాన్ టర్బో ఎందుకు వద్దన్నానంటే, డీజిల్ సైలెన్సర్ వేడి మామూలుగా 750, 800 డిగ్రీల దగ్గర ఆగుతుంది. పెట్రోలు ఇంజిన్ ఫుల్ లోడులో 900 దాటుతుంది. లోపల రెక్కలు కదిలే రకం టర్బో అయితే ఆ వేడికి రెక్కలు పట్టేస్తాయి. కదలని రకం అయినా, చిన్న డీజిల్ కారుదైతే పెట్రోలు ఇంజిన్ పై ఆర్‌పీఎమ్‌కు గొంతు పట్టేస్తుంది. పెద్ద లారీదైతే 5,000 దాటేదాకా మేలుకోదు. నీ 1.5కి నేను చూసేది పాత స్కోడా ఆక్టేవియా 1.8 పెట్రోలు టర్బో కారులో వచ్చే కె03 రకం టర్బో. ఆ ఇంజిన్ 150 హార్స్‌పవర్‌ది, కాబట్టి నీ 145కి సరిగ్గా సరిపోతుంది, వేడీ తట్టుకుంటుంది, వేస్ట్‌గేట్ (బూస్ట్ హద్దు దాటకుండా పొగను పక్కకు వదిలే తలుపు) దానిలోనే ఉంటుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఓపిగ్గా అడిగితే దొరకొచ్చు. కొనేముందు గాలి లోపలికి వెళ్లే వైపు నుంచి వేలు పెట్టి షాఫ్టు పట్టుకో. ముందుకూ వెనక్కూ లాగితే అసలు కదలకూడదు. పక్కకు ఊపితే వెంట్రుకవాసి కదలొచ్చు, కానీ రెక్క అంచు గోడకు తగలకూడదు. రెక్క అంచులు వేలిగోటితో తడిమి చూడు, నొక్కు పడి ఉంటే వదిలెయ్. నిమిషానికి లక్ష దాటి తిరిగే వస్తువది, ఒక పక్క చిన్న ముక్క ఊడినా బ్యాలన్స్ ఉండదు.

మానిఫోల్డ్ విషయంలో మన డెల్టాకు ఒక వరం ఉంది. దాని పేరు రైసు మిల్లు. ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్లకు స్టీమ్ పైపులు అతికే వెల్డర్లు తణుకు, మండపేట, రామచంద్రపురం చుట్టూ ఉన్నారు. వాళ్లు వాడే మందపాటి షెడ్యూల్ 40 బెండులే టర్బో మానిఫోల్డ్‌కూ కావాలి. సన్నటి సైలెన్సర్ పైపుతో చేస్తే నెలలో పగులుతుంది. నేను ఒక బాయిలర్ వెల్డర్‌తో చేయిస్తాను. అతను ముందు ఆర్గాన్‌తో లోపలి పొర వేసి, దాని మీద రెండో పొర వేస్తాడు. పైపు లోపల వేలు పెట్టి తిప్పితే వెల్డింగ్ గరుకు తగలదు. ఫ్లేంజ్‌కి (మానిఫోల్డ్‌ను ఇంజిన్‌కు బిగించే పలకకి) 12 మిల్లీమీటర్ల ప్లేటు వాడు. వెల్డింగ్ చేస్తున్నంతసేపూ ఆ ఫ్లేంజ్‌ని పాత సిలిండర్ హెడ్‌కి బిగించి ఉంచాలి, చల్లారాకే విప్పాలి. లేకపోతే వేడికి అరటి ఆకులా వంగుతుంది. విప్పాక లేత్ షాపులో ఫేసింగ్ చేయించు. టర్బో బరువు మొత్తం మానిఫోల్డ్ మీద వేలాడకుండా ఇంజిన్ బ్లాకుకు ఒక బ్రాకెట్ కట్టించు. వేడి ఆపడానికి మానిఫోల్డ్‌కు గుడ్డపట్టీ చుడతారు. మన సముద్రపు గాలిలో ఆ పట్టీ తేమ పట్టి ఉంచి ఇనుమును తినేస్తుంది. దాని బదులు రేకు షీల్డు కొట్టించు.

ఆయిల్ తిరిగి వచ్చే గొట్టం గురించి నిదానంగా చదువు. టర్బోకి ఆయిల్ వెళ్లే గొట్టం సన్నగా ఉన్నా ప్రెషర్‌తో వెళుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ప్రెషర్ ఉండదు, నురగలా మారిన ఆయిల్ కేవలం తన బరువుతో కిందికి జారాలి. కాబట్టి ఆ గొట్టం లోపలి వ్యాసం 14, 15 మిల్లీమీటర్లు ఉండాలి, ఎక్కడా పైకి ఎక్కకూడదు, మడత పడకూడదు, ఆయిల్ చాంబర్‌లో ఆయిల్ మట్టానికి పైనే కలవాలి. మట్టం కింద కలిపితే ఆయిల్ వెనక్కి తన్ని టర్బో సీళ్లలోంచి కారుతుంది, బండి తెల్లగా నీలంగా పొగ వదులుతుంది. అప్పుడు అందరూ టర్బో పోయిందంటారు. నా దగ్గరికి వచ్చిన ఒక బండికి అలా రెండుసార్లు టర్బో మార్పించారు. నేను గొట్టాన్ని మూడు అంగుళాలు పైకి జరిపి కలిపాను, అదే పాత టర్బోతో పొగ ఆగిపోయింది. చాంబర్‌కు ఆ కన్నం పెట్టడానికి చాంబర్ విప్పి తీయాలి. బండి మీదే ఉంచి డ్రిల్లు పెడితే ఇనుప పొట్టు ఆయిల్‌లో కలిసి బేరింగులు గీసుకుపోతాయి. ఇంజిన్ దింపకుండా పనైపోతుందా అని అడిగావు కదా, ఇంజిన్ దింపక్కర్లేదు, చాంబర్ మాత్రం దింపాలి.

వేడి లెక్క కూడా చూడు. మే నెలలో గాలి 40 డిగ్రీలు ఉంటే, 7 పీఎస్‌ఐకి నొక్కేసరికి టర్బోలోంచి బయటికొచ్చే గాలి 97 డిగ్రీల దగ్గర ఉంటుంది. మన బళ్లలో టర్బోలు కాస్త అరిగి ఉంటాయి కాబట్టి ఇంకా ఎక్కువే అనుకో. అంత వేడి గాలి నేరుగా ఇంజిన్‌లోకి వెళితే నాకింగ్ రాక ఏమొస్తుంది? ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లార్చే చిన్న రేడియేటర్) ఉంటే 60 లోపు దింపొచ్చు. ఏదైనా డీజిల్ కారు ఇంటర్‌కూలర్ పాతది కొనుక్కో, కొత్తది అక్కర్లేదు. లోపల ఆయిల్ ఉంటే డీజిల్‌తో కడిగి పూర్తిగా ఆరబెట్టు. చలికాలం ముందు, వరి కోతకొచ్చే రోజుల్లో, రాత్రిపూట తణుకు నుంచి భీమవరం వెళ్లి వచ్చి ఇంటర్‌కూలర్ ముందు టార్చి వేసి చూడు. హెడ్‌లైట్ వెలుగుకు వచ్చిన దోమ, పచ్చపురుగులు రెక్కల సందుల్లో పేస్టులా అతుక్కుని ఉంటాయి. దాని వెనక ఉన్న రేడియేటర్‌కూ గాలి అందదు. ఆ సీజన్‌లో వారానికోసారి వెనక వైపు నుంచి నీళ్లు కొట్టాలి. ముందు వైపు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దూరుతుంది.

ఎయిర్ ఫిల్టర్ బంపర్ కింద పెట్టకు. చల్లగాలి దొరుకుతుందని చాలామంది అక్కడే పెడతారు. తుఫాను వానకు కాలువ పొంగి రోడ్డు మీదికి వచ్చినప్పుడు అది నీళ్లు తాగుతుంది, నీళ్లు నొక్కబడవు, రాడ్డులు వంగుతాయి. హెడ్‌లైట్ వెనక ఎత్తులో పెట్టించు.

ట్యూనింగ్ గురించి ఎవరూ చెప్పని ఒక సంగతి చెబుతాను. రోడ్డు మీద ట్యూన్ చేయకు. మన కాలువ గట్ల మీద సైకిళ్లు, గేదెలు, చేపల లారీలు, మలుపు తర్వాత ఏముందో కనిపించదు. డైనో (బండిని రోలర్ల మీద నిలబెట్టి పవర్ కొలిచే యంత్రం) మీద చేయించాలి, అందుకు బెంగళూరో చెన్నైయో వెళ్లాల్సి రావొచ్చు. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. అక్కడ గాలి ఒత్తిడి 13.2 పీఎస్‌ఐ దగ్గర ఉంటుంది. వేస్ట్‌గేట్ స్ప్రింగు బయటి గాలికి 7 కలుపుతుంది కాబట్టి అక్కడ మొత్తం 20.2, అంటే 139 కిలోపాస్కల్. అదే బండి ఇంటికి తెచ్చుకుని పాలకొల్లులో తొక్కితే 21.7, దాదాపు 150 కిలోపాస్కల్. ఏ ఒత్తిడికి ఎంత పెట్రోలు, ఎంత టైమింగ్ అని ఈసీయూలో ఒక పట్టిక ఉంటుంది, దాన్నే మ్యాప్ అంటారు. డైనో మీద ఇంజిన్ ఎప్పుడూ వెళ్లని గడుల్లోకి ఇక్కడ వెళుతుంది, పైగా మన దగ్గర గాలి ఇంకా వేడి. ఆ గడుల్లో ఖాళీ అంకెలో, అంచనా అంకెలో ఉంటే మళ్లీ నా 2011 కథే. ట్యూనర్‌కి ముందే చెప్పు: బండి తిరిగేది సముద్రం పక్కన, మ్యాప్ 160 కిలోపాస్కల్ దాకా పెట్రోలు ఎక్కువగా, టైమింగ్ తక్కువగా నింపమని అడుగు. ఇన్‌టేక్ గాలి వేడెక్కితే టైమింగ్ దానంతటదే తగ్గే సెట్టింగ్ కూడా పెట్టించు. ఇది అడగడానికి రూపాయి ఖర్చు లేదు. చెన్నై సముద్రం పక్కనే కాబట్టి వీలైతే అక్కడికే వెళ్లు.

మిగతావి చకచకా చెబుతాను. క్లచ్ ప్లేటు అరిగి ఉంటే మొదటి వారంలోనే జారుతుంది, ముందే మార్చు. బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ఆయిల్, టైర్లు బూస్ట్ కంటే ముందు. పీసీవీ గొట్టంలో (ఇంజిన్ లోపలి ఆవిర్లను మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపే గొట్టం) ఒకవైపే తెరుచుకునే వాల్వు వేయకపోతే బూస్ట్ చాంబర్‌లోకి వెళ్లి సీళ్లు తంతుంది. సింథటిక్ ఆయిల్ వాడి 5,000 కిలోమీటర్లకు మార్చు. హైవే మీద గట్టిగా తోలాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపు. బూస్ట్ పెంచే స్క్రూ కంట్రోలర్ మాత్రం కొనకు. అది కారులో ఉంటే ఏదో ఒక రాత్రి ఫ్రెండ్ మాట విని తిప్పుతావు.

చట్టం సంగతి కూడా తెలుసుకుని దిగు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న, కంపెనీ చేసిన వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ మాటే మళ్లీ స్పష్టంగా చెప్పింది. సెక్షన్ 182ఏ కింద ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది. అవతలి వాళ్లకు దెబ్బ తగిలితే ఆ భారం మీ కుటుంబం మీద పడొచ్చు, ఇది నాన్నగారితో కూర్చుని మాట్లాడాల్సిన విషయం. 2002 బండి అంటే 15 ఏళ్లు నిండాక అయిదేళ్లకోసారి రెన్యువల్, మళ్లీ 2027లో ఇన్‌స్పెక్షన్‌కు వెళ్లాలి. కంపెనీ మానిఫోల్డ్, ఇంజెక్టర్లు, ఈసీయూ, క్యాటలిటిక్ కన్వర్టర్ ఒక్కటి కూడా అమ్మకుండా దాచు. చట్టానికి ఇబ్బంది లేకుండా టర్బో బండి తోలాలంటే దాన్ని ట్రాక్ బండిగానే ఉంచుకుని, ట్రాలీ మీద చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేకో తీసుకెళ్లాలి. నాకు తెలిసి అదే నిజమైన దారి.

డబ్బు ఇలా పంచుకో. లక్షన్నరలో సగం ఇంజెక్టర్లు, ఫ్యూయల్ పంపు, గొట్టాలు, ఈసీయూ, వైడ్‌బ్యాండ్, డైనోకి. పావు వంతు మానిఫోల్డ్, పైపులు, ఇంటర్‌కూలర్, ఆయిల్ లైన్లకు. మిగిలిన పావులో టర్బో, క్లచ్, ప్యాకింగులు. బ్రేకులు, టైర్లు కూడా మార్చాల్సి వస్తే ఈ డబ్బు చాలదు, ఆ మాట ఇప్పుడే చెప్పడం మంచిది. రోజూ తిరగడానికి టర్బో లాగుడే కావాలంటే, సిటీ అమ్మి ఇంకొంత కలిపి పాత పోలో జీటీ టీఎస్‌ఐ గానీ, బలేనో ఆర్‌ఎస్ గానీ కొనుక్కోవచ్చు. పవర్ 105, 102 అని చూసి తక్కువనుకోకు, పోలోకి 175 న్యూటన్ మీటర్ల టార్క్ కింది ఆర్‌పీఎమ్‌లోనే వస్తుంది, కాగితాలూ శుభ్రంగా ఉంటాయి. నాన్నగారి బండి అమ్మడం ఇష్టం లేకపోతే ఆ మాట నాకు అర్థమవుతుంది. అప్పుడు సస్పెన్షన్ బుష్షులు, మంచి టైర్లు, ఇంజెక్టర్ క్లీనింగ్, వాల్వ్ క్లియరెన్స్ చేయించి ఒకసారి తోలి చూడు. 6,000 దగ్గర ఆ వీటెక్ అరుపు కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటే, చాలామందికి అక్కడితో కోరిక తీరిపోయింది.

ముందుకే వెళ్దామనుకుంటే ఈ ఆదివారం కంప్రెషన్ టెస్టు చేయించు. ఒకటి నుంచి నాలుగు దాకా వరసగా రీడింగులు, ఆయిల్ పోశాక వచ్చిన రీడింగులు, నాలుగు ప్లగ్గులు పక్కపక్కన పెట్టి తీసిన ఫోటో పంపు. ఇంజెక్టర్ మీద ఉన్న నంబరు కూడా రాయి. దాన్ని బట్టి ఏ సైజు కావాలో అక్కడి నుంచి మొదలుపెడదాం.